ఢీకొన్నప్పుడు తప్పు ఎవరిది? - బాస్కెట్‌బాల్ ఆటలో ఛార్జింగ్, బ్లాకింగ్

గోదావరి కుడిగట్టున, పెద్దపల్లి జిల్లాలోనున్న రామగుండం, గోదావరిఖని ప్రాంతమును బొగ్గుగనుల ప్రాంతముగనే అందరును ఎరుగుదురు. సింగరేణి కాలరీస్ కంపెనీవారి భూగర్భగనులును, ఓపెన్‌కాస్టు గనులును ఇచ్చట కలవు. గనులలో షిఫ్టు వెంట షిఫ్టు నడచుచుండగా, కాలనీలలోని ఆటస్థలములందు ఉదయము, సాయంకాలము ఆటలు సాగుచుండును. ఉద్యోగులకు ఏరియాలవారీగా క్రీడాపోటీలు జరుగును. పాఠశాలల బాలబాలికలకు వేరుగా పోటీలు జరుగును. కబడ్డీ, వాలీబాల్ ఆటలతోపాటు బాస్కెట్‌బాల్ కూడ ఈ పోటీలలో చేరియున్నది.

బాస్కెట్‌బాల్ ఆటను కొన్నిసార్లు చూచినవారెవరైనను ఈ ఘట్టమును ఎరిగియే యుందురు. ఒక ఆటగాడు బంతిని నేలపై తట్టుచు బుట్టవైపు వేగముగా దూసుకొనిపోవుచుండును. ఎదుటి జట్టువాడు ఒకడు అతని దారిలో వచ్చి నిలుచును. ఇద్దరును ఢీకొందురు. ఒకరో, ఇద్దరో నేలపై పడుదురు. ఈల మ్రోగును. ఒక ప్రక్కవారు "దారికి అడ్డుపడినాడు" అని అరతురు. రెండవ ప్రక్కవారు "మీదికి వచ్చి గుద్దినాడు" అని అరతురు. రిఫరీ మాత్రము ఇద్దరిలో ఒకరిని చూపి ఫౌల్ ప్రకటించును. అతడు దేనినిబట్టి నిర్ణయించెనో చూచువారిలో అనేకులకు బోధపడదు. తన మీద ఫౌల్ పడిన బాలునికి సైతము తరచుగా బోధపడదు. కారణము తెలియని శిక్ష అన్యాయముగా తోచుట సహజము.

బంతి కలవాడు తప్పు చేసి ఢీకొన్నచో దానిని ఛార్జింగ్ అందురు. రక్షణ చేయువాడు తప్పుగా అడ్డుపడుటచే తాకిడి జరిగినచో దానిని బ్లాకింగ్ అందురు. ఈ రెండింటిని వేరుచేయు నియమములు చూపునకు చిక్కుగా కనిపించును. కాని వాటి అడుగున ఒకే భావము కలదు. తాకిడిని తప్పించుకొనుటకు ఇంకను వీలు మిగిలియున్నవాడు ఎవడో, బాధ్యత అతనిది. ఈ భావమును పట్టుకొన్నచో నియమములన్నియు ఒక దారమున గ్రుచ్చిన పూసలవలె అమరును.

ఆట పుట్టిననాటి ఉద్దేశము

బాస్కెట్‌బాల్ ఆటను 1891 డిసెంబరులో అమెరికా దేశమున, మసాచుసెట్స్ రాష్ట్రములోని స్ప్రింగ్‌ఫీల్డ్ నగరమందలి వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు కల్పించెను. శీతకాలమున ఆరుబయట ఆడుటకు వీలుపడని విద్యార్థులకు హాలులోపల ఆడదగిన ఆట ఒకటి కావలసియుండెను. హాలు ఇరుకు, నేల గట్టిది. ఫుట్‌బాల్ వంటి ఆటలలోవలె ఒకరినొకరు పడద్రోసికొన్నచో గాయములు తప్పవు. అందుచేత నైస్మిత్ బుట్టను 10 అడుగుల ఎత్తున, అనగా సుమారు 3.05 మీటర్ల ఎత్తున కట్టించెను. అంత ఎత్తుననున్న బుట్టలో బంతిని పడవేయుటకు బలముకంటె గురి ముఖ్యము. ఆయన వ్రాసిన 13 నియమములలో అయిదవది భుజముతో గుద్దుట, పట్టుకొనుట, నెట్టుట, కాలు అడ్డుపెట్టుట, కొట్టుట కూడదని శాసించెను.

ఈ విషయమున బాస్కెట్‌బాల్‌నకు, కబడ్డీకి గల భేదమును గమనింపవలెను. కబడ్డీలో కూతకు వచ్చినవానిని పట్టుకొని ఆపుటయే ఆట. దేహమునకు దేహము తగులకుండ ఆ ఆటయే లేదు. బాస్కెట్‌బాల్‌లో దేహము తగులుట ఆటలో భాగము కాదు. ఆటకు కలుగు అంతరాయము. పదిమంది ఆటగాండ్రు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గల స్థలములో పరుగెత్తుచున్నప్పుడు కొంత తాకిడి తప్పదు. కావున ప్రతి చిన్న తాకిడియు ఫౌల్ కాదు. ఒకరు నియమవిరుద్ధముగా తాకి, ఎదుటివానికి నష్టము కలిగించినపుడే అది ఫౌల్ అగును.

మొదటి నియమముల ప్రకారము బంతి పట్టుకొన్నవాడు పరుగెత్తరాదు. నిలిచిన చోటినుండియే విసరవలెను. తరువాతి సంవత్సరములలో బంతిని నేలపై తట్టుచు సాగుట, అనగా డ్రిబ్లింగ్, ఆటలో ప్రవేశించెను. దానితో బంతి కలవాడు వేగముగా కదలు వస్తువైనాడు. వేగము వచ్చినచోట తాకిడియు వచ్చును. అమెరికాలో 1928-29 ఆటల కాలమున డ్రిబ్లింగ్ చేయువాని ఛార్జింగ్ ఫౌల్ నియమములలో చేర్పబడెను. ఆనాటినుండి నేటివరకు ఈ నియమము అనేక సవరణలు పొందినది. ఇప్పుడు మన దేశములో జరుగు పోటీలకు ఫీబా అని పిలువబడు అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య నియమములే ఆధారము.

దెబ్బ ఇద్దరికిని సమానమే

ఎవరు ఎవరిని గట్టిగా కొట్టిరో చూచి తప్పు నిర్ణయింపవచ్చునని అనేకుల అభిప్రాయము. భౌతికశాస్త్రము దీనిని అంగీకరింపదు. న్యూటన్ మూడవ చలనసూత్రము ప్రకారము రెండు వస్తువులు ఢీకొన్నపుడు మొదటిది రెండవదానిపై ఎంత బలము చూపునో, రెండవది మొదటిదానిపై అంతే బలమును వ్యతిరేక దిశలో చూపును. పరుగెత్తి వచ్చినవానికిని, నిలిచియున్నవానికిని తగిలిన బలము ఒక్కటే.

ఒక లెక్క చూడవచ్చును. 60 కిలోగ్రాముల బాలుడు సెకనుకు 5 మీటర్ల వేగముతో వచ్చి, నిలిచియున్న 50 కిలోగ్రాముల బాలుని ఢీకొన్నాడనుకొనవచ్చును. మొదటివాని ద్రవ్యవేగము 60ని 5చే గుణింపగా వచ్చు 300. క్షణకాలము ఇద్దరును కలిసి కదలినచో ఈ 300 ద్రవ్యవేగమును 110 కిలోగ్రాములు పంచుకొనవలెను. అప్పుడు ఇద్దరి వేగము సెకనుకు సుమారు 2.7 మీటర్లు. తాకిడి సెకనులో పదవవంతు కాలము పట్టినచో, ఇద్దరిపైనను పనిచేసిన సగటు బలము సుమారు 1,360 న్యూటనులు. 139 కిలోగ్రాముల బరువు మీద మోపినపుడు కలుగు బలము ఎంతయో ఇది అంత.

ఇద్దరికిని సమానమైన దెబ్బ తగిలినను ఫలితము సమానము కాదు. వచ్చినవాని వేగము 5 నుండి 2.7కు తగ్గినది, నిలిచినవాని వేగము సున్ననుండి 2.7కు పెరిగినది. తేలికవాని వేగములో కలిగిన మార్పు ఎక్కువ. అతడు వెనుకకు పడుటకు అవకాశము ఎక్కువ. పాదములు దగ్గరగా పెట్టి, మోకాళ్ళు వంచక నిలుచువాడు ఇంకను సులభముగా పడును. కావున ఎవడు పడెనన్న విషయము బరువును, నిలుకడను తెలుపునే గాని దోషమును తెలుపదు. పడినవాడే న్యాయవంతుడనుట ఎంత పొరపాటో, నిలిచినవాడే దోషియనుట అంత పొరపాటు.

బలమునుబట్టి దోషము తేలదు గనుక నియమకర్తలు మరి రెండు విషయములను ఆశ్రయించిరి. ఒకటి చోటు, రెండవది కాలము. తాకిడి జరిగిన చోటు ఎవరిది? అతడు ఆ చోటికి ఎప్పుడు వచ్చెను? రిఫరీ అడుగు ప్రశ్నలు ఇవే.

ఎవరి స్థూపము వారిది

ఆటస్థలముపై ప్రతి ఆటగానికి ఒక ఊహాస్థూపము కలదని నియమములు భావించుచున్నవి. ముందువైపు అరచేతులు, వెనుకవైపు పిరుదులు, ఇరుప్రక్కల చేతుల, కాళ్ళ వెలుపలి అంచులు ఈ స్థూపమునకు హద్దులు. చేతులను మోచేతులవద్ద వంచి ముందుకు పెట్టవచ్చును గాని అవి పాదముల చోటును దాటరాదు. ఈ స్థూపము నేలనుండి నిలువుగా పైవరకు సాగును. ఆటగాడు నిలువుగా ఎగిరినపుడు పైనున్న చోటు కూడ అతనిదే.

చేతులు రెండును నిలువుగా పైకెత్తి తన చోటనే ఎగిరిన రక్షకుని పైకి బంతి కలవాడు వచ్చి పడినచో, రక్షకుని తప్పు లేదు. అదే రక్షకుడు చేతులను ముందుకు వాల్చి, ఎదుటివాని స్థూపములోనికి చొరబడి తాకినచో తప్పు రక్షకునిది. ప్రక్కకు చాచిన మోకాలు, త్రోసిన తుంటి, విసరిన మోచేయి, ఇవన్నియు స్థూపమును దాటిన అవయవములే. వాటివలన తాకిడి కలిగినచో వాటి యజమానుడే బాధ్యుడు. బంతి కలవానికిని ఇదే ధర్మము వర్తించును. మోచేతితో త్రోసి దారి చేసికొనుట అతనికి చెల్లదు.

న్యాయమైన కాపు

రక్షకుడు ఎదుటివాని దారిలో నిలుచుట తప్పు కాదు, రక్షణయనగా అదియే. కాని అతడు మొదట న్యాయమైన కాపు స్థానమును సంపాదింపవలెను. దానికి రెండు గుర్తులు. రక్షకుని ముఖము ఎదుటివానివైపు ఉండవలెను. అతని పాదములు రెండును నేలపై ఉండవలెను. ఈ రెండును కుదిరిన క్షణమునుండి ఆ చోటు అతనిది.

ఇచ్చట ఒక అపోహ తరచుగా వినవచ్చును. తాకిడి జరుగునపుడు రక్షకుడు శిలవలె కదలక నిలిచియుండవలెననియు, కదలినచో బ్లాకింగ్ అనియు అనేకుల నమ్మకము. నియమము అట్లు చెప్పుట లేదు. ఒకసారి న్యాయమైన కాపు స్థానమును పొందినవాడు ఎదుటివానిని ఆపుటకై ప్రక్కకు జరుగవచ్చును, వెనుకకు జరుగవచ్చును, తన చోట నిలువుగా ఎగురవచ్చును. జరుగునపుడు ఒక పాదముగాని, రెండు పాదములుగాని క్షణకాలము నేలనుండి లేచినను దోషము లేదు. దెబ్బ తీవ్రతను తప్పించుకొనుటకు తన స్థూపములోనే ప్రక్కకు తిరుగవచ్చును. అతడు చేయరానిది ఒక్కటే: బంతి కలవానివైపు ముందుకు జరిగి తాకుట.

తాకిడి ఎచ్చట జరిగెనన్నది మరియొక ముఖ్యమైన గుర్తు. న్యాయమైన కాపులోనున్న రక్షకుని మొండెముపై, అనగా ఎదురురొమ్ముపైగాని, పొట్టపైగాని బంతి కలవాడు తాకినచో రక్షకుడే ఆ చోటికి ముందుగా వచ్చినట్లు లెక్క. అది ఛార్జింగ్. రక్షకుడు ఆలస్యముగా వచ్చి భుజమో, తుంటియో, కాలో అడ్డుపెట్టగా తాకిడి జరిగినచో అది సాధారణముగా బ్లాకింగ్. దారి మూయుటలో అతడు వెనుకబడినాడనుటకు ఆ తగిలిన అవయవమే సాక్ష్యము.

ఆగుటకు కావలసిన దూరము

వేగముగా వచ్చువాని యెదుట నిలుచుటకు ఎంత ముందుగా రావలెను? ఈ ప్రశ్నకు నియమములు రెండు వేరువేరు సమాధానములు చెప్పుచున్నవి. వాటిలోని న్యాయము తెలియుటకు మొదట ఒక మనిషి ఎంత దూరములో ఆగగలడో చూడవలెను.

ఓపెన్‌కాస్టు గనులలో 100 టన్నుల బొగ్గునో, మట్టినో మోయగల డంపర్లు నడచుచున్నవి. అట్టి బండికి ఎదురుగా ఎవరును హఠాత్తుగా రాకూడదని గని ప్రాంతమున పిల్లలు కూడ ఎరుగుదురు. డ్రైవరు చూచుటకు, బ్రేకు వేయుటకు కొంత కాలము పట్టును. ఆ కాలములో బండి సాగుచునే యుండును. బ్రేకు పట్టిన పిమ్మట కూడ కొంత దూరము పోవును. బ్రేకు పట్టిన పిమ్మట పోవు దూరము వేగము రెండింతలైనచో నాలుగింతలగును. వేగముతో దూరము ఇట్లు పెరుగును గనుకనే రవాణా దారులలో వేగపరిమితి అంత ముఖ్యమైనది.

పరుగెత్తు బాలునికిని ఇదే లెక్క. కంటికి కనిపించిన దానికి కాలు స్పందించుటకు సుమారు సెకనులో అయిదవవంతు పట్టును. సెకనుకు 5 మీటర్ల వేగముతో వచ్చువాడు ఆ లోపలనే 1 మీటరు ముందుకు పోవును. బూటు పట్టు బాగుగానున్న కోర్టుపై అతడు తన వేగమును సెకనుకు 6 మీటర్ల చొప్పున తగ్గించుకొనగలడనుకొన్నచో, పూర్తిగా ఆగుటకు మరి 2 మీటర్లు కావలెను. మొత్తము 3 మీటర్లు. కోర్టుపై సన్నని ధూళి పేరుకొని ఘర్షణ సగమునకు తగ్గినచో ఆ 2 మీటర్లు 4 మీటర్లగును. మొత్తము 5 మీటర్లు. గనుల పొరుగున ఆరుబయట నుండు సిమెంటు కోర్టులను ఆటకు ముందు ఊడ్చుట శుభ్రతకొరకే గాక ఎముకల రక్షణకొరకు కూడ అవసరమని దీనివలన తెలియును.

ఇప్పుడు నియమములకు రావచ్చును. బంతి లేని ఆటగాడు పరుగెత్తునపుడు అతని చూపు బంతిపై ఉండును. ఎదుట ఎవరైనను నిలుతురని అతడు ఊహింపకపోవచ్చును. కావున అతని దారిలో నిలుచువాడు అతనికి ఆగుటకో, ప్రక్కకు తిరుగుటకో తగిన కాలమును, దూరమును విడువవలెను. ఆ దూరము ఎదుటివాని వేగమునుబట్టి మారును. ఎప్పుడును ఒక మామూలు అడుగుకంటె తక్కువ కారాదు, రెండు అడుగులకంటె ఎక్కువ అక్కరలేదు. అంత దూరము విడువక అడ్డుపడి తాకిడి కలిగించినవానిది తప్పు.

బంతి కలవాని విషయము వేరు. అతనికి కాలము, దూరము అను రక్షణలు లేవు. బంతి తనయొద్ద నున్నప్పుడు ఎదుటి జట్టువారు తనను ఆపుటకు వత్తురని అతనికి తెలిసియే యుండవలెను. రక్షకుడు హఠాత్తుగా ఎదుట నిలిచినను, తాకకముందే న్యాయముగా నిలిచినచో చాలును. ఆగుటకో, దిశ మార్చుటకో సిద్ధముగా నుండుట బంతి కలవాని విధి. తాను అదుపు చేయలేనంత వేగముతో పోవువాడు ఆ వేగమునకు తానే పూచీపడవలెను. ఎదురుచూడవలసినవానికి బాధ్యత, ఎదురుచూడ లేనివానికి రక్షణ: ఇదియే రెండు నియమముల భేదము.

గాలిలోనున్నవానికి దిక్కు లేదు

అన్నింటికంటె ప్రమాదకరమైన తాకిడి గాలిలో జరుగునది. నేలపైనున్నవాడు పాదముతో నేలను త్రోసి దిశ మార్చుకొనగలడు. పాదములు నేలను విడిచిన పిమ్మట త్రోయుటకు ఏమియు లేదు. చేతులు, కాళ్ళు ఎట్లు ఆడించినను అతని గురుత్వకేంద్రము ముందుగానే నిర్ణయమైన వక్రమార్గమున సాగి క్రిందికి రావలసినదే. భూగర్భగనిలో ఏటవాలు దారిపై తాడు తెగిన టబ్బువలె అతడు ఇక తన చేతిలో లేడు.

గురుత్వకేంద్రము 45 సెంటీమీటర్లు లేచునట్లు ఎగిరినవాడు గాలిలో సుమారు సెకనులో పదింట ఆరువంతుల కాలము ఉండును. అతని ముందు వేగము సెకనుకు 4 మీటర్లైనచో ఆ కాలములో సుమారు 2.4 మీటర్లు సాగును. రక్షకుడు ఆ కాలములో ఒకటి రెండు అడుగులు వేసి అతడు దిగు చోటికి రాగలడు. ఎగిరినవాడు మాత్రము ఏమియు చేయలేడు. తప్పించుకొను వీలు ఎవరికి మిగిలియున్నదో ఇచ్చట స్పష్టము.

కావుననే నియమము ఇట్లున్నది. గాలిలోనికి ఎగిరినవానికి తాను ఎగిరిన చోటనే తిరిగి దిగు హక్కు కలదు. ఎగురు సమయమునకు ఎవరును లేని మరియొక చోట దిగు హక్కును కలదు. అతడు ఎగిరిన పిమ్మట అతని దారిలోనికిగాని, దిగు చోటికిగాని రక్షకుడు జరుగరాదు. జరిగి తాకిడి కలిగించినచో అది రక్షకుని తప్పు. అతని పాదముల క్రిందికి పోవుట సాధారణముగా మరింత కఠినమైన ఫౌల్‌గా గణింపబడును. ఏలయన పాదము తప్పి తలక్రిందుగా పడినవాని గాయము ఆటతో ముగియదు. రక్షకుడు ముందే ఆ చోట న్యాయముగా నిలిచియుండగా, దానిని చూచియు ఎగిరివచ్చి అతని రొమ్ముపై పడినవాడు మాత్రము ఛార్జింగ్ చేసినవాడే. ఎగురుటకు ముందు అతనికి వీలు ఉండెను. దానిని అతడు ఉపయోగించుకొనలేదు.

బుట్టక్రింది అర్ధవృత్తము

ఈ ధర్మమునకు ఒక చోట మినహాయింపు కలదు. కొందరు రక్షకులు బంతిని అడ్డుకొనుటకు ప్రయత్నింపక, బుట్ట క్రింద నిలిచి ఎదుటివాడు వచ్చి తమమీద పడుటకై ఎదురుచూడసాగిరి. తాకిడిని తగ్గించుటకు పుట్టిన నియమమే తాకిడిని పెంచసాగెను. అందుచేత అమెరికాలోని వృత్తిక్రీడాసంఘమైన ఎన్.బి.ఎ. 1997లో బుట్ట క్రింద 4 అడుగుల అర్ధవృత్తమును గీయించెను. ఫీబా నియమములలో ఇట్టిది 2010 నుండి అమలునకు వచ్చెను. బుట్ట నడిమి బిందువునకు సరిగా క్రిందనున్న చోటునుండి గీత లోపలి అంచునకు దాని వ్యాసార్ధము 1.25 మీటర్లు.

రక్షకుని పాదము ఒకటైనను ఈ అర్ధవృత్త ప్రాంతమును తాకుచుండగా, బంతి కలవాడు గాలిలో నుండి బంతిని బుట్టలోనికి వేయుచుగాని, అందించుచుగాని అతనిని తాకినచో ఛార్జింగ్ ప్రకటింపరాదు. చేతులతోగాని, కాళ్ళతోగాని అక్రమముగా త్రోసినచో మాత్రము ఈ మినహాయింపు పనికిరాదు. బ్లాకింగ్ నియమము ఈ ప్రాంతమునందును యథాప్రకారము పనిచేయును.

రిఫరీ చూపు, సైగ, శిక్ష

అనుభవము లేని రిఫరీ చూపు బంతి వెంట పోవును. తాకిడి జరిగిన పిమ్మట మాత్రమే అతనికి రక్షకుడు కనిపించును. అప్పటికి ప్రశ్నకు సమాధానము దాటిపోయియుండును. కావున బంతి కలవాడు దూసుకొనిపోవునపుడు రిఫరీ ముఖ్యముగా రక్షకుని పాదములను, మొండెమును చూచుచుండవలెను. రక్షకుని ముఖము ఎటు ఉన్నది? పాదములు నేలపై కుదిరినవా? ఎగురు క్షణమునకు ముందు వచ్చెనా, తరువాతనా? ఏ భాగమున తాకిడి జరిగెను? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము దొరికినచో నిర్ణయము దానంతట అదే వచ్చును.

రిఫరీ సైగలను చూచువారు కూడ నేర్చుకొనుట మంచిది. రెండు చేతులు నడుముపై పెట్టినచో బ్లాకింగ్. పిడికిలితో తెరచిన అరచేతిని కొట్టినచో ఛార్జింగ్.

శిక్షలో కూడ భేదము కలదు. బంతిని బుట్టలోనికి వేయుచున్నవానిపై బ్లాకింగ్ జరిగినచో, బంతి పడకపోయిన యెడల అతనికి రెండు ఫ్రీ త్రోలు, మూడు పాయింట్ల గీత వెలుపలినుండి వేసినచో మూడు ఫ్రీ త్రోలు లభించును. బంతి పడినచో ఆ పాయింట్లతోపాటు ఒక ఫ్రీ త్రో లభించును. బుట్టకు వేయనివానిపై జరిగినచో, బంతి గీత వెలుపలినుండి అతని జట్టువారికే ఈయబడును. ఒక క్వార్టరులో నాలుగు జట్టు ఫౌళ్ళు నిండిన పిమ్మట మాత్రము రెండు ఫ్రీ త్రోలు లభించును. బంతి తనయొద్ద నుండగా ఛార్జింగ్ చేసినచో బంతి ఎదుటి జట్టునకు పోవును. ఫ్రీ త్రోలు ఉండవు. ఇట్లు ఏ విధముగానైనను 5 ఫౌళ్ళు నిండిన ఆటగాడు ఆటనుండి వైదొలగవలెను.

శిక్ష పెద్దదైనపుడు మోసమునకు ఆశయు పెరుగును. తగిలీ తగలకముందే వెనుకకు విరుచుకొనిపడి రిఫరీని నమ్మింపజూచు ఆటగాండ్రు కలరు. నియమములు ఇట్టి నటనను టెక్నికల్ ఫౌల్‌గా శిక్షింపదగిన దోషముగా ఎంచుచున్నవి. లెక్క కూడ అతనిని పట్టియిచ్చును. ముందుకు వచ్చువాని వేగము తగ్గకుండ, నిలిచినవాడు మాత్రము వేగముగా వెనుకకు పోయెనన్నచో ఆ ద్రవ్యవేగము తాకిడినుండి వచ్చినది కాదు. అతని కాళ్ళనుండియే వచ్చినది.

పాఠశాలలో చేయదగిన ప్రయోగములు

ఈ విషయమును ఆటల ఉపాధ్యాయుడు, సైన్సు ఉపాధ్యాయుడు కలిసి ఒకే పూట బోధింపవచ్చును. దానికి ఖరీదైన పరికరములు అక్కరలేదు.

మొదటిది ప్రతిస్పందన కాలము. ఒకడు 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకొనవలెను. రెండవవాడు దాని క్రింది చివర సున్న గుర్తువద్ద వ్రేళ్ళు తెరచి ఉంచవలెను. మొదటివాడు చెప్పకుండ విడువగా రెండవవాడు పట్టుకొనవలెను. 20 సెంటీమీటర్లవద్ద పట్టుకొన్నచో అతనికి పట్టిన కాలము సుమారు సెకనులో అయిదవవంతు. ఆ కాలమును పరుగు వేగముచే గుణించినచో, ఆగవలెనని తోచుటకు ముందే పోవు దూరము వచ్చును.

రెండవది ఆగు దూరము. కోర్టుపై సుద్దతో ఒక గీత గీయవలెను. విద్యార్థులు వేగముగా వచ్చి, గీతవద్ద ఈల విని ఆగవలెను. గీత దాటి ఎంత దూరము పోయిరో టేపుతో కొలువవలెను. మొదట నిదానమైన పరుగుతోను, పిమ్మట వేగమైన పరుగుతోను చేయించినచో దూరము ఎట్లు పెరుగునో కన్నులారా చూతురు. ఊడ్వని కోర్టుపై ఈ ప్రయోగము చేయింపరాదు.

మూడవది కాపు. ఒక విద్యార్థి చుట్టును సుద్దతో అతని స్థూపపు అడుగును గీయవలెను. బంతి కలవాడు మొదట నడకతో రావలెను. రక్షకుడు ఒకసారి ముందే నిలిచి, ఒకసారి ఆలస్యముగా వచ్చి, ఒకసారి ప్రక్కకు జరుగుచు కాపు కాయవలెను. చూచువారు ఛార్జింగో, బ్లాకింగో వ్రాసికొని, కారణము కూడ చెప్పవలెను. కారణము చెప్పలేని తీర్పును తరగతి అంగీకరింపరాదు. బాలికల ఆటకును ఇవే నియమములు గనుక ఈ అభ్యాసము అందరును చేయదగినది.

దీనితోపాటు పడుట కూడ నేర్పవలెను. రక్షకుడు మోకాళ్ళు కొంచెము వంచి, పాదములు భుజముల వెడల్పున పెట్టి, చేతులను రొమ్మువద్దకు చేర్చుకొని దెబ్బను గ్రహింపవలెను. వెనుకకు పడునపుడు గడ్డమును రొమ్మువైపు ముడిచి, పిరుదులపై దిగి వెనుకకు జారవలెను. అరచేతులు వెనుకకు చాపి ఆపుకొనుటకు ప్రయత్నించినచో మణికట్టు విరుగవచ్చును. తల నేలకు తగిలినవానిని వెంటనే ఆటనుండి తప్పించి వైద్యునికి చూపవలెను. ఆ రోజు అతనిని మరల ఆడనీయరాదు.

ఛార్జింగ్, బ్లాకింగ్ నియమములను బలమైనవానికో, బలహీనునికో అనుకూలముగా వ్రాసిన నియమములుగా ఎంచరాదు. పరుగెత్తువానికి దారి కావలెను, నిలిచినవానికి చోటు కావలెను. రెండును న్యాయమైన కోరికలే. రెండును ఒకేసారి ఒకే చోట తీరవు గనుక, ఎవడు ఇంకను మరలగలిగియుండియు మరలలేదో చూచి నియమము తీర్పు చెప్పుచున్నది. ఈ సంగతి తెలిసిన బాలుడు తన మీద ఫౌల్ పడినపుడు రిఫరీవైపు చేతులు విసరుటకు బదులు, తన పాదములు ఎచ్చట ఉండెనో జ్ఞాపకము చేసికొనును. మరుసటిసారి అర అడుగు ముందుగా ఆ చోటికి చేరును.